తులసమ్మ కింద రాయి

మా పెరట్లో తులసి మొక్క కింద తొమ్మిదేళ్ళపాటు ఒక రాయి ఉండేది. అది కొండచీపుర్లు అమ్ముకునే ఒకామె తల్లి. తల్లి పేరున పాతిన రాయి అనడం మా లెక్క. ఆమె లెక్కలో అది తల్లే. కొండ మీద పాడుపడ్డ కోటలో, తన వాళ్ళ వరసలో ఉన్న ఆ తల్లిని మేము లేవదీసి, ట్రెక్కర్ జీపు ఎక్కించి, ఇంటికి తెచ్చుకుని, నెత్తిన తులసమ్మను పెట్టి, సాయంత్రమయ్యేసరికి దీపం వెలిగించేవాళ్ళం. తెలిసి చేసిన పని కాదు. తెలియకుండా చేయడంలో మా ఇంటివాళ్ళం మొదట్నుంచీ గట్టివాళ్ళమే. ఆ చీపుర్లామె కోరిక ఒక్కటే, తాను పోయేలోగా తల్లి మళ్ళీ ఆ వరసలో నిలబడాలని.

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కన బంధుగాంలో కిరాణా కొట్టు. మా తాతగారి నాన్న పార్వతీపురం వైపు నుంచి ఉప్పూ బెల్లమూ ఎడ్ల మీద వేసుకుని సంతకు వచ్చి, వానలకు వాగు పొంగి వెనక్కి వెళ్ళలేక ఉండిపోయాడని చెప్పుకునేవారు. వాగు మర్నాటికి తగ్గిపోయి ఉంటుంది, ఆయన మాత్రం కదల్లేదు. అలా మూడు తరాలు గడిచాయి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, సంతలో రెండూ కలిపిన ఇంకేదో భాష. ఎక్కడివాళ్ళు మీరు అని ఎవరైనా అడిగితే మా నాన్న ఒక్క క్షణం ఆగి, ఎదుటి మనిషి మొహం చూసి జవాబు చెప్పేవాడు.

కార్తీకమాసంలో ఒక రోజు ఊళ్ళో తెలుగు కొట్లవాళ్ళమంతా కొట్లు మూసి కొండ మీదకు వనభోజనానికి వెళ్ళేవాళ్ళం. గుండిగలు, అరిటాకులు, గుమ్మడికాయలు, బెల్లం దిమ్మలు, పిల్లలు, అన్నీ ఒకే ట్రెక్కర్‌లో. కొండ కిందదాకా గంట ప్రయాణం, అక్కడినుంచి నడక. ఆ నడక నాకిప్పటికీ నిద్రలో వస్తుంది. మంచు ఎంత దట్టంగా ఉండేదంటే ముందు నడిచే మామ్మ చీర అంచు మాత్రమే కనపడేది. మామ్మ అంటే మా నాన్నకు అమ్మ. ఆ అంచు పట్టుకుని ఎక్కుతూ పోతే, ఎక్కడో ఒక చోట కాలి కింద చప్పుడు మారేది. మట్టి మెత్తదనం పోయి పెంకులు చిటపటలాడేవి. అప్పుడు అర్థమయ్యేది, కోటలోకి వచ్చేశామని. గుమ్మమూ లేదు, గోపురమూ లేదు. ఉన్నవల్లా సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, మూరెడు పొడవు ఇటుకలు, బండను తొలిచిన నీళ్ళ తొట్టి, దాని పక్కన ఎవరూ నాటని ఒక ఉసిరి చెట్టు. ఆ చెట్టు కోసమే మేము అంత దూరం వెళ్ళేది.

పులిహోర మీద ఇష్టంతో ఒడియావారైన మా హైస్కూల్ మాస్టారు కూడా మాతో వచ్చేవారు. చరిత్ర చెప్పేవారు ఆయన. ఆయన తెలుగు కూడా ఆ చరిత్రలాగే, అక్కడక్కడా కూలిపోయి ఉండేది.

"ఇక్కడ అందరూ వచ్చింది, అందరూ వెళ్ళింది," అని మొదలుపెట్టేవారు. ముందు రాతిగొడ్డళ్ళవాళ్ళు వచ్చారట. పోడు కొట్టుకుని, బండల మీద గింజలు నూరుకుని బతికారు. తర్వాత ఇటుకలు కాల్చడం తెలిసినవాళ్ళు వచ్చారు, బహుశా సన్యాసులు. తర్వాత ఎవడో చిన్న రాజు పెద్ద రాజుకు భయపడి వచ్చి గోడలు కట్టాడు. గోడలున్నాయి కాబట్టి సైనికులొచ్చారు, సైనికులున్నారు కాబట్టి ఉప్పమ్మేవాళ్ళొచ్చారు. తొట్టిలో నీళ్ళు ఎండాయో, జ్వరాలొచ్చాయో, ఒకరోజు అందరూ దిగిపోయారు. ఆ తర్వాత మళ్ళీ పోడువాళ్ళే వచ్చారు. ఉప్పమ్మేవాళ్ళ దగ్గరకు రాగానే మా నాన్న గుంపులో గర్వంగా నిటారుగా కూర్చునేవాడు.

భోజనాలయ్యాక పెద్దవాళ్ళు పేకాటకు కూర్చుంటే నేను గోడ మీద వెల్లకిలా పడుకునేదాన్ని. రాయి ఎండకు గోరువెచ్చగా ఉండేది. కళ్ళు మూసుకుంటే వీపు కింద ఊళ్ళు కదిలేవి, ఒక ఊరి కింద ఇంకో ఊరు. ఎవరో గింజలు నూరుతున్న చప్పుడు, ఎవరో పిల్లను కేకేస్తున్న చప్పుడు. ఏ భాషో తెలియదు గానీ ఆ కేక నన్నే అనిపించేది. పలకబోయేసరికి మామ్మ గొంతు వినిపించేది, "అమ్మీ, గోడమీంచి పడితే సస్తావు, దిగు!" అని. దిగేదాన్ని. దిగాక కూడా కాసేపు నేనెవరి ఇంటి పిల్లనో తెలిసేది కాదు. ఆ తెలియకపోవడం నాకు హాయిగా ఉండేది, ఇప్పటికీ అలాంటి హాయి ఇంకోటి ఎరగను.

కోటలో తూర్పు పక్కన మోకాలెత్తు రాళ్ళు వరసగా పాతి ఉండేవి. అవి రాజుగారి ఏనుగుల్ని కట్టే రాళ్ళని మా పెద్దవాళ్ళు తీర్మానించారు. మోకాలెత్తు రాయికి ఏనుగును ఎవడు కడతాడని ఒక్కరమూ అడగలేదు. పిల్లలం వాటి మీదనుంచి దూకేవాళ్ళం. కొండ కింద ఊరివాళ్ళను అడిగితే చెప్పి ఉండేవారు. కానీ మేము వెళ్ళే రోజుల్లో వాళ్ళంతా కోతల్లో ఉండేవారు. పైగా, వాళ్ళను అడగాలని మాకు తోస్తే కదా.

తొంభైల మొదట్లో ఒక కార్తీకంలో ఆ రాయి మామ్మ కంట్లో పడింది. నాకు పదేళ్ళు. ఆ ఏడు వానలు ఎక్కువ, వరస చివర మట్టి కోసుకుపోయి ఒక పలకరాయి ఒరిగి నేల మీద పడి ఉంది. ఒక పక్క అద్దంలా నున్నగా ఉంది. రెండో పక్క నడుమ గుండ్రంగా ఒక గుంట. మాస్టారు కళ్ళజోడు పైకెత్తి చూసి పొంగిపోయారు. నున్నటి పక్క రాతిగొడ్డళ్ళవాళ్ళు గింజలు నూరిందట. గుంట కోటవాళ్ళ తలుపు ఇరుసు తిరిగిందట. "ఒకే రాయి, ఇద్దరి ఇల్లు!" అన్నారు. ఎప్పుడో ఏ తల్లి నూరిన గింజల ఆనవాలు పట్టగలిగిన మనిషికి రెండేళ్ళ కిందట అదే రాయిని ఎవరో ఏడుస్తూ తెచ్చి పాతారని కనిపించలేదు.

మామ్మ ఆ గుంటలో అరచెయ్యి పెట్టి చూసింది. "తులసమ్మని పెట్టడానికి దేవుడే తొలిసినట్టున్నాది. దిక్కులేని రాయి ఎండా వానా తింటంది, తీసుకుపోదాం," అంది.

మామ్మ తీసుకుపోదాం అంటే ఇంక సందేహం లేదు, తీసుకుపోవడమే. మా కొట్టు కళాసీలు నలుగురు దాన్ని తాళ్ళతో కట్టి, వెదురు బొంగులకు వేసుకుని దించారు. నేను పక్కనే నడుస్తూ, పడిపోతుందేమోనని రాయి మీద చెయ్యి వేసి ఉంచాను. ఏదో పెద్ద పని చేస్తున్నాననుకున్నాను. ఇంటికొచ్చాక మామ్మ దానికి పసుపు నీళ్ళతో స్నానం చేయించి, బొట్లు పెట్టి, పెరటి నడిమధ్య ప్రతిష్ఠ చేసింది. గుంటలో మట్టి నింపి తులసి నాటింది. ఆ ఏడు మొక్క ఎంత గుబురుగా పెరిగిందో! కోటరాయి మహిమ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది.

చీపుర్లామె ఆ చలికాలం నుంచే పెరట్లోకి రావడం మొదలుపెట్టింది. అంతకుముందు సంతనాడు కొట్టు ముందు కట్టలు దింపి, ఉప్పూ పొగాకూ తీసుకుని వెళ్ళిపోయేది. నలభై ఏళ్ళుంటాయి. సన్నగా, నల్లగా, మాట తక్కువగా ఉండేది. మొదటిసారి పెరటి తలుపు తోసుకుని వచ్చి, ఆ రాయిని చూసి, అలాగే నిలబడిపోయింది.

"ఏటే, లోనికొచ్చేసేవు? సీపుర్లు ముందర దింపాలని తెల్దేటి?" అంది మామ్మ.

"దావమేసింది, సావుకారమ్మా," అంది ఆమె.

నీళ్ళిచ్చాం. తాగలేదు. ఎదురుగా గొంతుక్కూర్చుని చాలాసేపు తులసి వైపే చూసింది. లేస్తూ లేస్తూ, తన ఆనపబుర్రలోంచి రెండు చుక్కల చోడంబలి, అదే రాగి అంబలి, రాయి మీద పోసింది. మామ్మ లబలబలాడింది. ఎంగిలి, మైల, అపచారం, అన్నీ అంది. ఆమె బుర్ర భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మరుసటి సంతకు మళ్ళీ వచ్చింది. ఈసారి ఎంగిలి కాలేదని తెలిసేట్టు, మామ్మ చూస్తుండగానే బుర్ర మూత విప్పి పోసింది. ఆ పైసంతకు మళ్ళీ వచ్చింది. పెదాలు కదిలేవి, మాట బయటకు వినిపించేది కాదు. వానైనా, ఎండైనా, ఒక్క సంత కూడా తప్పలేదు.

కొన్నాళ్ళకు మామ్మ కరిగింది. కరగడమే కాదు, గొప్పలకు పోయింది. "సూసేవా అమ్మి? మన సావాసంతోటి దానికీ బక్తి అబ్బింది. తులసమ్మకి ఆళ్ళ నైవేద్యం ఆళ్ళు ఎడతారు. తప్పేటి?" అని నాతో అంది. తర్వాత్తర్వాత ఆమె కోసం మజ్జిగ దాచి ఉంచేది. ఆమె రావడం ఆలస్యమైతే నన్ను వీధిలోకి పంపేది. ఇద్దరూ పెరట్లో ఏమీ మాట్లాడుకోకుండా కూర్చునేవారు. మామ్మ వత్తులు చేసుకుంటూ, ఆమె చీపురు కట్టల ఊడిన పురికొసలు బిగించుకుంటూ. బడి నుంచి వచ్చి నేను ఆ మౌనం పక్కనే అన్నం తినేదాన్ని. వాళ్ళిద్దరి మధ్యా మూడో మనిషి కూడా ఉందని నాకేం తెలుసు.

ఇంటరుకు నన్ను రాయగడ పంపారు. రైళ్ళ కూతలు, కాగితం మిల్లు వాసన, హాస్టల్ పప్పు. డిగ్రీ పూర్తవుతున్న ఏడు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు కొండ మీదకు పోవాలనిపించింది. చిన్నప్పటి నడక కలలోకి వచ్చి వచ్చి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. సంత ముగించుకుని ఊరికి పోతున్న చీపుర్లామెతో కలిసి బయల్దేరాను. దారి పొడవునా ఆమె దగ్గుతూనే ఉంది. కొండ కింద ఊళ్ళో ఆగుతుందనుకుంటే, నాతోపాటు పైకి ఎక్కింది.

వనభోజనాలు అప్పటికి మానేశాం. ఉసిరి చెట్టు కింద పొయ్యి మసి కూడా లేదు. మంచు విడిపోయి ఎండ మెత్తగా పడుతోంది. ఆమె నేరుగా ఏనుగుల రాళ్ళ దగ్గరకు పోయి, ఒక్కొక్క దాని మీదా చెయ్యి వేసుకుంటూ నడిచింది. ఇంట్లో నిద్రపోతున్న మనుషుల మధ్య నుంచి నడుస్తున్నట్టు, మెల్లగా. చివరన రాయి లేని చోట కూర్చుంది.

"ఇది మా అమ్మ సోటు, అమ్మి," అంది.

"రాయేది?" అన్నాను, తెలిసీ.

"మీ పెరట్లో ఉన్నాది కదా. తులసి మొక్క కింద."

తమ ఊళ్ళో మనిషి పోతే, ఏడాదిలోగా ఇక్కడ ఒక రాయి పాతుతారని చెప్పింది. పాత గోడల్లోంచి ఏరుకుంటారట. పోయినవాళ్ళు ఆ రాయిలో ఉంటారు. పంట ఇంటికొచ్చాక అంబలి పోసి పలకరిస్తారు. తల్లి రాయి వానకు ఒరిగిపోయిందని ఆమెకు తెలుసు. కోతలు కాగానే ఎత్తి నిలబెడదామనుకుంది. కోతలు అయ్యి పైకి వచ్చేసరికి రాయి లేదు. ఎన్నో రోజులు వెతికింది. సంతకు వచ్చినప్పుడు మా కొట్లో ఎవరో కోటరాయి మహిమ చెప్పుకుంటుంటే విని, పెరటి తలుపు తోసింది.

"మరి అప్పుడే సెప్పలేదేం?" అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినిపించింది. కోపం ఎవరి మీదో తెలియలేదు.

"సెప్తే మీరు బయపడిపోతారు. సచ్చినోళ్ళ రాయని ఏట్లో పడీసేస్తారు. ఏట్లో పడితే మా అమ్మని ఎక్కడ ఎతుక్కోను? మీ పెరట్లో ఉంటే, ఉందని తెలుస్తాది కదా."

నిజం. మామ్మ కచ్చితంగా అదే చేసి ఉండేది.

"మరిప్పుడెందుకు సెప్తన్నావు?"

"నాకు దగ్గు తగ్గదు, అమ్మి. నాను పోతే నా రాయి అమ్మ పక్కన పాతాల. ఈడ అమ్మే లేదు. నానెవుల పక్కన నిలబడాల?"

ఇద్దరం కొండ దిగాం. ఆ రోజు పడ్డంత సిగ్గు నేను జన్మలో పడలేదు. ఆ రాయి మీద చెయ్యి వేసి నడిచిన పదేళ్ళ పిల్ల నా ముందే నడుస్తున్నట్టుంది.

ఇంటికొచ్చి మామ్మకు చెప్పాను. వత్తులు చేస్తున్న చెయ్యి ఆగిపోయింది. "ఏటీ?" అంది. మళ్ళీ చెప్పాను. "అయితే తొమ్మిదేళ్ళు నాను ప్రదచ్చినాలు సేసింది సచ్చినోళ్ళకా?" అని లేచి నూతి దగ్గరకు పోయి తలారా స్నానం చేసింది. ఒకసారి చాలక రెండుసార్లు. ఆ పూట తినలేదు. ఆ సాయంత్రం పెరట్లో దీపం లేదు. మర్నాడూ లేదు. నాన్న భయం భయంగా, "పంతులుగార్ని అడుగుదామేటి అమ్మా?" అన్నాడు. "ఆయన్నేటి అడగడం? రాయి తెచ్చింది ఆయనా, నానా?" అని కసిరింది. నేను రాయికి కాపలా కాశాను. రాయిని బండికెక్కించి ఏటికి పంపేస్తుందేమోనని. మూడో రోజు సాయంత్రం చూస్తే దీపం వెలుగుతోంది.

సంతనాడు చీపుర్లామె వచ్చింది. మామ్మ మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, "ఒలే, ఇలా కూకో," అంది. ఆమె కూర్చుంది. మామ్మ చాలాసేపు చెంగు నలుపుకుని, "మీ అమ్మ పేరేటే?" అంది.

ఆమె చెప్పింది. ఆ పేరు నేను ఇక్కడ రాయను.

"పిల్లలెందరు ఆవిడికి?"

"ఏడుగురు. నానొక్కదాన్నే మిగిలేను."

"నాకు అయిదుగురు," అంది మామ్మ, కొట్లో బస్తాల మధ్య కూర్చున్న మా నాన్న వైపు గడ్డం ఎత్తి చూపిస్తూ. "ఆడొక్కడే."

ఆ తర్వాత మామ్మ తులసి మొక్కను వేళ్ళు తెగకుండా తన చేత్తోనే తీసి నూనె డబ్బాలోకి మార్చింది. మార్చేటప్పుడు తులసమ్మకు క్షమాపణ చెప్పుకుంది, నాకు వినిపించేట్టే. రాయి కడిగింది. ఇక తీసుకెళ్ళడమే కదా అనుకుంటే, నాన్నను బజారుకు తరిమింది. కొత్త చీర, రవికల గుడ్డ, గాజులు, పసుపు కుంకాలు. ఇంట్లో చలిమిడి దంచమంది. పుట్టింటినుంచి ఆడపిల్లను పంపేటప్పుడు చేసే ఏర్పాటు అది.

"రాయికి సారేటి మామ్మా?" అన్నాను.

"తొమ్మిదేళ్ళు మనింట్లో ఉన్న ఆడమనిసే అది. వట్టి సేతుల్తో పంపుతామేటి?" అంది. ఆ మాటకు నా కళ్ళు నిండిపోయాయి.

మామ్మకు అప్పటికి డెబ్బై దాటాయి, మోకాళ్ళు వంగేవి కావు. కొండ కింద ఊరివాళ్ళు రెండు డోలీలు కట్టారు. ముందు డోలీలో రాయి, ఎర్రచీర కప్పుకుని. వెనక డోలీలో మామ్మ, చలిమిడి గిన్నె ఒళ్ళో పెట్టుకుని. మంచు దిగిన పొద్దు. మోసేవాళ్ళు ఏదో పాట సన్నగా పాడుతున్నారు. ఒక మలుపులో రెండు డోలీలూ మంచులో మునిగి, ఏది మామ్మో ఏది రాయో తెలియలేదు. కాళ్ళ కింద పెంకులు చిట్లిన చప్పుడు విని పైకి వచ్చామనుకున్నాను. ఎవరెవరి వంటకుండలో అవి. అడుగు తేలిగ్గా వేయడానికి ప్రయత్నించాను.

పాత గుంట పూడిపోయింది. ఊరి పెద్దాయన కర్రతో నేల గీసి, కొంచెం పక్కగా కొత్తది తవ్వించాడు. ఆడవాళ్ళు గుంట చుట్టూ చేరి, నిన్ననే పోయిన మనిషికి ఏడ్చినట్టు ఏడ్చారు. రాయి నిలబడ్డాక మామ్మ చీర కప్పి, బొట్టు పెట్టి, చలిమిడి ముద్ద ముందుంచింది. "సీర ఎరుపెక్కువైంది, సావుకారమ్మా. మా అమ్మకి పచ్చంటే ఇష్టం," అంది చీపుర్లామె కళ్ళు తుడుచుకుంటూ. "ముందే ఏడవొచ్చు కదే, పచ్చదే తెచ్చీదాన్ని," అంది మామ్మ.

అందరూ లేచాక ఆమె ఒక్కతే రాయి ముందు మిగిలింది. అంబలి పోసి, నుదురు రాయికి ఆనించి, వాళ్ళ భాషలో మాట్లాడటం మొదలుపెట్టింది. పెరట్లో పెదాలు కదిలించేదే గానీ వినిపించేది కాదు. ఇక్కడ గట్టిగానే చెబుతోంది, ఆగకుండా, బతిమాలుతున్నట్టు. ఏమంటోందని పెద్దాయనను అడిగాను. ఆయన చెప్పడానికి కొంచెం మొహమాటపడ్డాడు.

"ఎప్పుడూ సెప్పీదే, అమ్మి. 'ఆళ్ళకి తెల్దే అమ్మా. కోపగించకు. ఆళ్ళ పిల్ల జోలికెళ్ళకు, ఆళ్ళ కొట్టు జోలికెళ్ళకు. తప్పు నాది, వానకి నాను సూసుకోలేదు' అంటన్నాది. ఇన్నేళ్ళూ సంతకెల్లింది అందుకే. సీపుర్లు అమ్ముడైనా కాకున్నా, అమ్మని సల్లబరిసి రావాల అనీది."

మామ్మ నా పక్కనే ఉంది. విన్నది. మా నాన్న జ్వరం తగ్గినప్పుడు, నేను పరీక్ష పాసైనప్పుడు, కొట్టు మీద చెట్టు కూలి ఒక్కరికీ దెబ్బ తగలనప్పుడు, ప్రతిసారీ పెరట్లో కొబ్బరికాయ కొట్టిన మనిషి. నా చెయ్యి వదిలి, వంగని మోకాళ్ళతో ఆ మట్టిలో నడిచి వెళ్ళి, చీపుర్లామె పక్కన కూలబడింది.

"ఒలే," అంది. "నాకిప్పుడు తెలిసిందని సెప్పవే మీ అమ్మకి."

ఆమె మామ్మ మొహంలోకి కాసేపు చూసి, రాయి వైపు తిరిగి, చెప్పింది.